సత్యం అనని ఇల్లు

తన కథ అచ్చుకి తీసుకున్నారంటే ఇంకొకడైతే మాడుగుల హల్వా తెప్పించి వీధంతా పంచును. మా పక్కింటి గణపతిరావు మాత్రం ఆ కబురు రాగానే మా పెరటి గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విడవడం కూడా మరిచిపోయి, మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"వదినా, వచ్చే లక్ష్మివారం పుస్తకంలో నా కత పడతన్నాది. అది మాత్రం అప్పకి సదవకు," అన్నాడు.

నేను బియ్యం ఏరుకుంటున్నాను. చేట పక్కన పెట్టాను.

"ఎందుకు సదవకూడదు? ఏటి రాసేవేటి?"

"అప్పనే రాసేను."

అంటే వాళ్ళక్క కనకమహాలక్ష్మిని. అంత పేరు పిలిచే ఓపిక చోడవరంలో ఎవరికీ లేదు గనక ఆవిడ అందరికీ పాల కనకం. నాకు కనకం వదిన. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోతే, రెండు గేదెల్ని పెట్టుకుని, హోటళ్ళకి పాలు పోసి, తమ్ముణ్ణి చదివించి, ట్రైనింగు చేయించి, ఊళ్ళోనే ఒక బడిలో మాస్టర్ని చేసిన మనిషి.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పేస్తాను. మా ఆయన బస్సు కంపెనీ ఆఫీసులో టిక్కెట్లు రాస్తారు. ఆయన పేరు మాత్రం అడక్కండి. మొగుడి పేరు పలకకూడదన్న జబ్బు నాకూ ఉంది. ఆయనకేదో అవుతుందన్న భయంతో కాదు, ఆ పేరు వినడానికి అంత బాగుండదు, అంతే. ప్రతి లక్ష్మివారం అనకాపల్లి బస్సులో మద్రాసు వారపత్రిక వస్తే ఆయన ఇంటికి తెచ్చేవారు. శుక్రవారం మధ్యాహ్నం కనకం వదిన అరుగు మీద నేను చదివితే, చదువురాని ఆడవాళ్ళు నలుగురైదుగురు చేరి వినేవారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేటి మాట ఇది.

కనకం వదిన మొగుడు సత్యారావుది కె.కోటపాడు వైపు పల్లె, వెనకా ముందూ ఎవరూ లేరు. పెళ్ళయిన కొత్తల్లోనే పెళ్ళాన్ని పుట్టింట్లో ఉంచి రంగం వెళ్ళాడు. రంగూన్ని మావైపు రంగం అనే అంటారు. అక్కడ బియ్యం మిల్లులో పని. ఒకటి రెండుసార్లు ఎవరి చేతో చీరా, నల్లగా నిగనిగలాడే లక్క పెట్టీ పంపించాడు. అంతలో యుద్ధమొచ్చింది, రంగం మీద బాంబులు పడ్డాయి. మనవాళ్ళంతా అడవులు పట్టి అస్సాం మీదుగా నడిచి వచ్చేశారు. వచ్చినవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు రాలేదు. సత్యారావు రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. అందుకని కనకం వదిన రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులు వేసుకుని, అలా ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

మొగుడి పేరు పెళ్ళాం పలికితే అతని ఆయుష్షు తరిగిపోతుందంటారు కదా. అందరూ పేరు ఒక్కటీ మానేస్తారు. ఈవిడ ఆ పేరుకి చుట్టమైన ప్రతి మాటనీ మానేసింది. సత్యం అనదు, నిజం అంటుంది. సత్యనారాయణ వ్రతాన్ని అన్నవరం సోమి పూజ అంటుంది. ఒంట్లో సత్తువ లేకపోతే బలం నేదంటుంది. ఆఖరికి పాలు పితికే సత్తు గిన్నెని కూడా తెల్లగిన్నె అంటుంది. సత్తు గిన్నెకీ మీ ఆయనకీ ఏమిటమ్మా చుట్టరికం అని నేనొకసారి నవ్వాను.

"నవ్వకే రాజ్యం," అంది. "ఏ అడివిలో ఉన్నాడో, ఏ నీటి మీద ఉన్నాడో. నా నోట్లోంచి ఒక్క ముక్క జారినా, ఆ ముక్క మేరకి ఆ మనిషి తరిగిపోతాడే."

ఆ తర్వాత నేను నవ్వలేదు. ఆవిడ ముందు నేనూ తెల్లగిన్నె అనే అనేదాన్ని. వీధిలో అందరమూ అలాగే అలవాటు పడిపోయాం.

గణపతి ఆ ఇంట్లో పెరిగినవాడు. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు "సత్యమునే పలుకవలెను" అని చెప్పి పలక మీద రాయమంటే వీడు "నిజమునే పలుకవలెను" అని రాశాడట. ఎన్ని దెబ్బలు కొట్టినా దిద్దలేదట. మా ఇంట్లో ఆ మాట అనకూడదండీ అని ఏడ్చాడట. ఇప్పుడు వాడే మాస్టరు. వాడి క్లాసు పిల్లలంతా నిజం అనే అంటారు.

వాడికి కథల పిచ్చి ఎప్పుడు పట్టిందో నాకు తెలీదు గానీ, పట్టిన దగ్గర్నుంచీ నన్ను చదివి చెప్పమనేవాడు. మద్రాసులో మేడలూ, కారులో తిరిగే పిల్లా, వెన్నెట్లో వీణా! వాడు మద్రాసు చూడలేదు, కారెక్కలేదు, వీణని సరస్వతి పటంలో తప్ప ఎరగడు. వెళ్ళిన కథ వెళ్ళినట్టే తిరిగొచ్చేది. ఒకనాడు నాకు విసుగెత్తి, "ఎరగని మేడలెందుకు బాబూ, నీ గుమ్మంలో ఏటున్నాదో అది రాయి," అన్నాను. ఆ మాట ఇప్పటికీ నేను వెనక్కి తీసుకోను. రాసేవాడు తన చేతికి అంటిన మట్టితోనే బొమ్మ చెయ్యాలి.

అందుకే, అప్పనే రాశానంటే నాకు భయం వెయ్యలేదు.

"రాస్తే రాసేవు. మీ అప్ప మురిసిపోతాది. తెల్లగిన్నె సంగతి రాసేవా లేదా?"

"రాసేను. అది కాదు వదినా," అని రోలు మీద కూలబడ్డాడు. "బావ సంగతి కూడా రాసేను."

అప్పుడు చెప్పాడు. నిరుడు వానాకాలంలో అనకాపల్లిలో గొడుగు బాగుచేయించుకోవడానికి బుడాన్ సాహెబ్ అనే ముసలాయన దగ్గర కూర్చున్నాడట. ఏ ఊరు బాబూ అని ఆయన అడిగితే చోడవరం అన్నాడట. ఆయన చేతిలో పని ఆపేసి, మీ ఊళ్ళో సత్యారావు అత్తారిల్లు ఎరుగుదువా అన్నాడట. ఇద్దరూ రంగంలో ఒకే మిల్లులో పనిచేశారు. కలిసే నడిచి బయల్దేరారు. అస్సాం కొండల్లో సత్యారావుకి వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు పూటల్లో పోయాడు. ఈయనే దగ్గరుండి మట్టి చేశాడు.

"మరి ఇన్నేళ్ళూ ఏం చేశాడాయన? ఒక్కసారి వచ్చి చెప్పొచ్చు కదా!" అన్నాను.

"వచ్చేడు వదినా. వచ్చిన ఏడాదే మన వీధిలోకి వచ్చి సత్యారావు ఇల్లేది అని ఇంటింటికీ అడిగేడట. ఆ పేరుగలోళ్ళు ఇక్కడెవరూ నేరు అని పంపించేసేరట."

అప్పటికి నేను కాపురానికి రాలేదు గానీ, వచ్చి ఉంటే నేనూ ఆ మాటే చెప్పేదాన్ని. ఆ వీధిలో ఆ పేరు ఎవరంటారు కనక? పాల కనకం ఇల్లేదంటే పసిపిల్లలు కూడా చూపిస్తారు. అక్కడ కాపురమే ఉండని సత్యారావు ఇల్లంటే ఎవరికి తడుతుంది?

ఆ తర్వాత నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే పెద్దా చిన్నా ఉండదు.

"ఏడాదిగా కడుపులో పెట్టుకుని తిరుగుతన్నావా? తోడబుట్టిందానికి సెప్పలేనోడివి దేశానికంతా సెప్పేవా?"

"నోటికి రానేదు వదినా. రోజూ అన్నం దగ్గర కూకుని చెప్పేద్దామనుకునీవోణ్ణి. ఆ బొట్టు చూసీసరికి గొంతు పట్టీసీది. కాయితం మీద పెట్టీసరికి వచ్చీసింది."

"పేర్లైనా మార్చలేకపోయేవా?"

"అన్నీ మార్చేను. చోడవరం తీసీసి ఇంకో ఊరి పేరు పెట్టేను. అప్పని సీతమ్మని చేసేను. బావకి శేషగిరి అని పెట్టి చూసేను. అప్పుడు తెల్లగిన్నె ఎందుకన్నాదో ఎవరికీ తెలీదు, అన్నవరం సోమి ఎందుకన్నాదో తెలీదు. కత చచ్చిపోయింది. మళ్ళీ సత్యం అనే పెట్టేను."

"కత బతకాలని మనిషిని చంపీసేవన్నమాట," అన్నాను. వాడు తల వంచుకుని, చిన్నపిల్లాడిలా జబ్బతో కళ్ళు తుడుచుకున్నాడు. పోనీ కలంపేరైనా పెట్టుకున్నావా అంటే లేదట. అచ్చులో తన పేరు చూసుకోవాలని ఉందట. అంత ఏడుపులోనూ ఆ ఒక్క సరదా వదులుకోలేకపోయాడు. ఏం చెప్పను, రచయిత! ఆపెయ్యమని మద్రాసుకి రాయమంటే, ఈపాటికి అచ్చయిపోయి ఉంటుందన్నాడు.

ఇందులో భయపడవలసిందేముందని మీరనుకోవచ్చు. మా వీధి సంగతి మీకు తెలీదు. మొగుడు పోయాడన్న మాట బయటపడితే, ఎప్పుడు పోయాడన్నది ఎవరికీ పట్టదు. మర్నాటికల్లా బొట్టు చెరపడానికీ గాజులు చితక్కొట్టడానికీ పదిమంది పోగవుతారు. అలాంటప్పుడు మా ఆడవాళ్ళకి ఎక్కడలేని ఓపికా వస్తుంది. పైగా వచ్చే శనివారం ఎదురింటి అప్పలనరసమ్మ కూతురి పెళ్ళికి పసుపు కొట్టడం పెట్టుకున్నారు. ఏ పెళ్ళికైనా రోట్లో పసుపు కొమ్ముల మీద మొదటి పోటు కనకం వదినదే. ఆవిడ చేతి పసుపు పూసుకున్న పిల్ల పసుపుకుంకాలతో నిలుస్తుందని వీధికి గట్టి నమ్మకం. రేపు ఈ కబురు తెలిస్తే ఆ రోకలి దరిదాపులకి రానివ్వరు. ఆవిడకి గేదెలూ, తమ్ముడూ, ఆ రోకలీ. ఇంకేముంది చెప్పండి?

సరే, ఇద్దరం కలిసి దొంగల్లా ఆలోచించాం. మా ఆయనకి చెప్పి ఆ వారం పుస్తకం ఇంటికి తేకుండా చేశాను. బస్టాండు దగ్గర కొట్లోకి వచ్చినవన్నీ గణపతి కొనేసి మా అటక మీద పడేశాడు. ఇక గ్రంథాలయంలో ఉన్నదొకటే మిగిలింది. దాన్ని ఇంటికివ్వమంటే అక్కడి గుమాస్తా కుదరదన్నాడట. పోన్లే, కనకం వదిన గ్రంథాలయం మెట్లెక్కుతుందా ఏమన్నానా అనుకున్నాం.

లక్ష్మివారం ఎలా గడిచిందో నాకే తెలుసు. వీధిలో ఎవరు గట్టిగా నవ్వినా, ఎవరు కనకం వదిన గుమ్మం ముందు ఆగినా నేను కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. గణపతి బడి నుంచి వచ్చి, వాళ్ళింట్లోకి వెళ్ళేముందు మా కిటికీలోంచి నా మొహం చూసి, నేను తల అడ్డంగా ఊపితే అప్పుడు లోపలికి వెళ్ళాడు.

శుక్రవారం పొద్దున్న కొంప ములిగింది. మా శుక్రవారం చదువుకి వచ్చే సన్యాసమ్మ మొగుడు బెల్లం కొట్లో పద్దులు రాస్తాడు. ఆయన గ్రంథాలయంలో పేపరు తిరగేస్తూ గణపతిరావు పేరు చూశాడు. కథ చదవలేదు, పేరొక్కటే చూశాడు. ఇంటికొచ్చి పెళ్ళాంతో అన్నాడు. సన్యాసమ్మ కడుపులో నువ్వుగింజ నానదు.

మధ్యాహ్నం నేను తలనొప్పని పడుకుని ఉన్నాను. కనకం వదిన సరాసరి లోపలికి వచ్చేసింది. మొహం వెలిగిపోతోంది.

"ఒసే రాజ్యం, లెగు! మా గుంటడి కత పడిందటే! ఈ వారం పుస్తకం రానేదంటావేటి? నానే ఎల్లి తెచ్చేను."

తనే గ్రంథాలయానికి వెళ్ళిందట. ఆ గుమాస్తా వాళ్ళింటికి పాలు పోసేది ఈవిడే. తమ్ముడికి కుదరదన్నవాడు ఈవిడకి నోరెత్తకుండా ఇచ్చాడట. తడి చేత్తో పట్టుకుంటే పాడవుతుందని పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని మరీ తెచ్చింది.

తలనొప్పన్నాను. అమృతాంజనం రాసింది. అక్షరాలు కనబడ్డంలేదన్నాను. అరుగు మీద ఎలుతురున్నాదంది. అక్కడ చూస్తే చాపలు పరిచేసి ఉన్నాయి, అప్పలనరసమ్మా సన్యాసమ్మా ఇంకో ఇద్దరూ అప్పటికే చేరారు. అందరికీ బెల్లంపాకంతో మరమరాల ఉండలు చేసి పెట్టింది. తలంటి పోసుకుని, బొట్టు దిద్దుకుని, నాకెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ బొట్టు వైపు చూడలేక నేను పుస్తకంలో తల దూర్చాను.

చదవడం మొదలుపెట్టాను. కథ మొదట్లో సీతమ్మ గేదె పాలు పితుకుతూ ఉంటుంది. తెల్లగిన్నె వచ్చేసరికి ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. అన్నవరం సోమి పూజ వచ్చేసరికి పగలబడి నవ్వారు. కనకం వదిన అందరికంటే ఎక్కువ నవ్వింది.

"నా తెల్లగిన్నె రాసేడే! ఏటీ ఎరగనట్టు తిరిగీవోడు, అన్నీ సూసేడే మా గుంటడు!"

సత్యం అన్న మాట వచ్చిన చోటల్లా నేను దగ్గి, "ఆయన" అని చదివాను. అందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఆ ఇంట్లో అలాగే కదా చదవాలి. నా నోరు ఒక వాక్యం చదువుతుంటే కళ్ళు కింద వాక్యానికి పరిగెడుతున్నాయి. ఆఖరి పేజీలో గొడుగులు బాగుచేసే ముసలాయన కనబడ్డాడు. ఒకసారి మంచినీళ్ళడిగి తాగాను. ఎదురుగా ఉన్న మొహాలన్నీ నా నోటికేసే చూస్తున్నాయి.

ఇంక తప్పలేదు. గొడుగులాయన తమ్ముణ్ణి ఏ ఊరని అడిగేదాకా చదివి, ఆయన్ని అక్కడే వదిలేసి నా సొంత కథ అందుకున్నాను. అనకాపల్లి బస్సు ఆగిందన్నాను. అందులోంచి తెల్లబట్టలు వేసుకున్న మనిషి దిగాడన్నాను. చేతిలో లక్క పెట్టె ఉందన్నాను. సీతమ్మ పాలగిన్నె వదిలేసి పరిగెత్తిందన్నాను. అయిపోయింది అని పుస్తకం మూసేశాను.

అప్పలనరసమ్మ కళ్ళొత్తుకుంది. "నీకూ అలాగే జరుగుతాదే కనకం," అని, రేపు పొద్దున్నే పసుపు కొట్టడానికి రావాలని మరోసారి చెప్పి లేచింది. తక్కిన వాళ్ళూ ఒక్కొక్కరే ఇళ్ళకి వెళ్ళారు. నేనూ లేవబోయాను.

"కూకో రాజ్యం," అంది కనకం వదిన. మొహంలో ఇందాకటి నవ్వు లేదు. "ఆఖరుది మా గుంటడు రాయనేదు."

"అదేటి వదినా, ఉన్నదే కదా సదివేను."

"కాదు. గొడుగులాయన దాకా ఆడి మాటలు. అక్కణ్ణించి నీ మాటలు. తెల్లబట్టలేటి, పెట్టేటి? అన్నేళ్ళు అడివిలో పడి వచ్చీవోడికి తెల్లబట్టలు ఎక్కడివే? మా గుంటడు అబద్దం ఆడలేక చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడు. పేరు పెట్టుకుని అలాటి రాత రాయడు. ఉన్నది సదువు."

నేను బతిమాలాను. ఆవిడ కదల్లేదు. పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టింది. చదవడమొచ్చినందుకు జన్మలో మొదటిసారి నన్ను నేను తిట్టుకున్నాను. చదివాను. గొడుగులాయన చెప్పిన కొండదారీ, రెండు పూటల జబ్బూ, మట్టీ, ఆయన వీధిలోకి వచ్చి ఇంటింటికీ అడిగి వెళ్ళిపోవడమూ, అన్నీ చదివాను. కథ చెబుతున్న తమ్ముడు ఆ కబురు మోసుకుని ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడతాడు. కథలో ఆఖరి మాటలు నాకిప్పటికీ నోటికొచ్చు: "ఆ ఇంట్లో సత్యం అనకూడదు. అందుకే నేను చెప్పలేదు."

ఈసారి దగ్గలేదు. ఉన్నదున్నట్టే చదివాను.

ఆవిడ తల వంచుకుంది. చాప అంచులో లేచిన పుల్లని గోటితో అలా గిల్లుతూ ఉండిపోయింది. ఏడుస్తుందేమో, కూలిపోతుందేమో అని నేను చేతులు చాపుకుని కూర్చున్నాను. అంతలో బడి వదిలేశారు, గణపతి వచ్చాడు. అరుగు మీద పుస్తకం చూశాడు, నన్ను చూశాడు. మెట్టెక్కకుండా వీధిలోనే నిలబడిపోయాడు.

"ఒరే గణపతీ," అంది తల ఎత్తకుండానే. "ఆ గొడుగులాయన ఉన్నాడా, నువ్వు కతలోకి తెచ్చేవా?"

గణపతి మెట్టు దగ్గరికి వచ్చాడు.

"ఉన్నాడప్పా. బుడాన్ సాయిబని. అనకాపల్లిలో."

"మట్టి సేసేరట కదా. అడివిలో ఒగ్గీసి రానేదు కదా?"

"నేదప్పా. దగ్గరుండి చేసేడు."

"మంచోడు," అంది.

అంతకంటే ఇంకేమీ అడగలేదు. ఎప్పుడు తెలిసిందనీ అడగలేదు, ఎందుకు రాశావనీ అడగలేదు. నేనే ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. గణపతి స్తంభం పట్టుకుని అక్కడే నించున్నాడు. ఎదురింట్లో అప్పలనరసమ్మ రేపటి పసుపు కోసం రోలు కడుగుతోంది.

పెరట్లో గేదె అరిచింది. పాలవేళ దాటిపోతోంది. కనకం వదిన రెండు చేతులూ నేలకానించి లేచి, కొంగు నడుముకి బిగించింది.

"ఒసే రాజ్యం," అంది, "ఆ సత్తు గిన్నె ఇలాగందుకో."